గొంగడి కింది రేడియో

ఆ రోజుల్లో రేడియో పలికే ముందు మనుషులు కొంతసేపు కలిసి కూర్చునేవారు. ఇప్పుడా అలవాటు లేదు.

కామారెడ్డిలో బియ్యం మిల్లు నడిపే రాజలింగు ఇంటి వసారాలో ఒక రేడియో ఉండేది. మిల్లు ఇంజనే దానికి కరెంటు ఇచ్చేది. లోపలి గాజు బుగ్గలు, అంటే వాల్వులు, వేడెక్కడానికి ఎక్కువసేపు పట్టదు. కానీ పెట్టె బాగా కాగకముందే ధ్వని పెంచితే అవి పగిలిపోతాయని రాజలింగు నమ్మకం. అందుచేత మీట వేసి, ధ్వని పూర్తిగా తగ్గించి, పెట్టెకు గొంగడి కప్పేవాడు. కాగిందని తేల్చి ధ్వని పెంచే పెత్తనం రోజూ మాతో అక్కడ చేరే లక్ష్మీరాజానిది. అంతవరకు ఆయన కోతలే మాకు కాలక్షేపం.

సింగపూర్ మీద బాంబులు పడుతున్న ఆ చలికాలం చివర, హన్మవ్వ ఎల్లారెడ్డి ఊరి నుంచి బస్సులో వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు బీరయ్య ఫౌజులో అక్కడే ఉన్నాడు. వార్త తన చెవులతోనే వినాలని ఆమె పట్టుదల. ఆ సాయంత్రం లక్ష్మీరాజం నిజామాబాదు రైలు దిగి నేరుగా వచ్చి, ఎవరినీ పలకరించకుండా గొంగడి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"కాగిందా అన్నా?" అని అడిగాడు మిల్లు హమాలీ సిద్దిరాములు.

"ఆగు, తొందరపడితే పెట్టె ఖరాబైతది. పోయిన చలికాలం పెద్దకొడప్‌గల్ పటేలు ఇంట్ల గిట్లనే ఒక రేడియో మొండికేసింది. పొద్దంత చూసిండ్రు, కిక్కురుమనలే. నేను పోయి, రెండు చేతులు రుద్దుకొని దాని నెత్తి మీద పెట్టిన. అంతే, పలికింది."

"గింతేనా?"

"గింతేనా అంటవా? ఇంక జర కాగబెట్టు లక్ష్మీరాజం అన్నరు వాళ్ళు. గొంగడి మీద గొంగడి, దాని మీద బొంత కప్పిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? పటేలు ఇంట్ల పొదిగే కోడి గంప ఇడిసిపెట్టి వచ్చి రేడియో మీద కూసున్నది. గుడ్లు గూడ తెచ్చి పక్కకు పెడితే, వార్తలు అయిపోయేలోపల పిల్లలైనయ్. అవి కియ్యకియ్య అనలే, ఉర్దూల సలాం చెప్పినయ్!"

"మరి కోడి ఏమన్నది, వాలేకుం సలామా?" సిద్దిరాములు పగలబడి నవ్వాడు.

హన్మవ్వ నవ్వలేదు. ఆమె చూపు గొంగడి మీదే ఉంది. "వార్తల యాల్లయింది బిడ్డా."

"అయితది అవ్వా, అయితది." లక్ష్మీరాజం మాట వేగం పెరిగింది. "అసలు సంగతి ఇను. పటేలు పెండ్లాం దాని మీదనే జొన్నరొట్టెలు కాల్చింది, ఊరు ఊరంత వచ్చి దాని ముంగట చలి కాగింది, మంజీర దాకా చలి పారిపోయింది. భయమైతే నేను తీగె పీకేసిన, అయినా పలుకుతనే ఉన్నది! ఎంత కాగిందంటే, ఇయ్యాల్టి వార్తలు అయిపోయి రేపటి వార్తలు సదువవట్టింది. రేపు వాన పడ్తదన్నది, పడ్డది. రేపు పటేలు బర్రె ఈనుతదన్నది, ఈనింది. రేపు..."

"మరి నా కొడుకు సంగతి?"

సిద్దిరాములు నవ్వు సగంలో ఆగిపోయింది.

"రేపటివి గూడ చెప్పే పెట్టె ఇయ్యాల్టి ముచ్చట చెప్పనీకి ఇంతసేపా?" అన్నది హన్మవ్వ మెల్లగా. "అది ఎప్పుడో కాగింది. నీకే తిప్పబుద్ధి అయితలేదు. నిజామాబాదుల ఏం విని వచ్చినవ్ కొడుకా?"

లక్ష్మీరాజం గొంగడి మీద నుంచి చెయ్యి తీశాడు.

"సింగపూర్ పోయిందట అవ్వా. మన ఫౌజంత జపానోళ్ళకు చిక్కిందట. ఎవరున్నరు, ఎవరు లేరు, గది ఎవ్వరికి ఎరుక లేదు."

"రేడియోల పేర్లు చెప్తరా?"

"చెప్పరవ్వా."

ఆమె కొంగు సర్దుకుంది. అంతలో ఈ మాటలేవీ వినని రాజలింగు భార్య బాలలక్ష్మి లోపలి నుంచి చాయ్ తెచ్చింది. ఎవరమూ చెయ్యి చాపలేదు. హన్మవ్వే ఒక గ్లాసు తీసి లక్ష్మీరాజం చేతికిచ్చింది.

"తాగు బిడ్డా. బండి దిగి వచ్చినోనివి, నోరెండి ఉంటది."

మరొకటి తాను తీసుకుంది. అప్పుడు మేమూ తీసుకున్నాం. అందరం ఊదుకుంటూ, నెమ్మదిగా తాగాం. ఆఖరి గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరూ గొంగడిని ముట్టలేదు.