తొలి విస్తరి తగువు

దేవదానమని ఒక ఉపదేశి ఉండేవాడంట, ఇనగంటిపాలెంలో. ఉపదేశంటే పాస్టరయ్యగారు కాదు, తెలుసుగా. అయ్యగారు ఎప్పుడో ఎడ్లబండి మీద వొచ్చిపోతే, మిగతా రోజుల్లో ఇతనే పాలేన్ని కనిపెట్టుకుని పాటలూ ప్రార్థనలూ నేర్పేవాడన్నమాట. మనిషి మంచోడే. ఒక్కటే జబ్బు, ఎవరేం అడిగినా 'దానికేం, అట్టాగే కానీండి' అనేస్తాడు. ఆ మాటే కొంప ముంచింది. ఏమైందంటే, వొచ్చే ఆదివారం పాలెం పాలెమంతా కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి, ఆ తర్వాత ప్రేమవిందు. మాంసం కూర, గోంగూర, తెల్లన్నం. అబ్బో, అప్పట్లో తెల్లన్నమంటే చిన్న సంగతి కాదు! ఆ పాలెంలో ముందునించీ ఒక ఆనవాయితీ ఉంది. ఏ విందైనా సరే, తొలి విస్తరి పోయిన పెద్దల పేరున వేస్తారు. అది వేసి వడ్డించిందాకా ఎవరూ ముద్ద ముట్టరు. బంతి లేచాక ఆ విస్తరిని, వేళ మించి ఆకలితో వొచ్చినోళ్ళకి పెట్టేస్తారు. ఇప్పుడు దేవుణ్ణి నమ్ముకున్నాం గదా, ఇకమీదట దేవుడి పేరున వేద్దామా ఉపదేశయ్యా అని పెద్ద పోలయ్య అడిగాడంట. దానికేం, అట్టాగే కానీండి అన్నాడు మనోడు. సరే, మరి ఎన్ని వెయ్యమంటావు అన్నాడు పోలయ్య.

అక్కడ పడింది పీటముడి. మనోడేగా నేర్పింది, తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు, అయినా దేవుడు ఒక్కడేనని! ఇప్పుడు విస్తళ్ళు మూడా, ఒకటా? పోలయ్యే అందుకున్నాడంట. తండ్రికి పెద్ద విస్తరి వేద్దాం, కొడుక్కి కాస్త చిన్నది, ఆత్మకి దొన్నె చాలు, ఎక్కడైనా తండ్రి తర్వాతేగా కొడుకు పుట్టేది అన్నాడు. బాగుంది వరస అని లేచింది ఎంకమ్మ. ఎంకమ్మ లేచిందంటే కూర్చోబెట్టే మొనగాడు ఆ పాలెంలో లేడనుకో. "మా ఆయన నాకు మొగుడు, నా బిడ్డకి అయ్య, మా అత్తకి కొడుకు. మనిషొక్కడేగా? మూడు విస్తళ్ళు వేస్తే మూడూ ఆయనే తింటాడు, ఆయన సంగతి నాకు తెలవదా? ఒక్కటే వెయ్యండి" అంది. ఇక రాగులని వడ్డన పెద్ద ఉన్నాడు, వాడికెప్పుడూ పంపకాల భయమే. ముగ్గురి పేర్లూ చెప్పి ఒక్కరికే వేస్తే మిగతా ఇద్దరూ అలగరా, మూడూ వేరువేరుగా వెయ్యాల్సిందే అన్నాడు. దేవదానం ముగ్గురికీ తలూపాడంట! చూశారా ఆ బుద్ధి? పొద్దుగూకేసరికి పాలెం మూడు ముక్కలైంది. ఒంటి విస్తరోళ్ళు, మూడు విస్తరోళ్ళు, దొన్నెవాళ్ళు. ఆకులు కుట్టే ఆడవాళ్ళు కూడా విస్తళ్ళు పక్కన పడేసి ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

ఇంటికొస్తే పెళ్ళాం సలోమి పట్టుకుంది. ఏమయ్యో, ఒక్క మనసు మీద లేని పాలేనికి బాప్తిస్మం ఇవ్వనని అయ్యగారు అనలేదా, పాలేన్ని నిలబెట్టలేకపోతే నిన్ను కొండపక్క ఊరికి మారుస్తాననలేదా అని. "నా ములగచెట్టు ఇప్పుడిప్పుడే కాపుకొచ్చింది. నేను కదిలేది లేదు. పోతే నువ్వే పో" అంది. పాపం, పైకి చెట్టు పేరు చెప్పింది గానీ, ఆ పాలెమంటే ఆవిడకి ప్రాణం. ఆయనకీ ప్రాణమే. అన్నం సయించలేదంట మనిషికి.

ఆదివారం రానే వొచ్చింది. కూరలు ఉడికినయ్యి. అయ్యగారు బండి దిగారు. చూస్తే జనం మూడు గుంపులుగా కూర్చున్నారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడరు. ఏమయ్యా దేవదానం, ఏంటిది అన్నారు అయ్యగారు. ఏం లేదండీ అందామనుకున్నాడు, కానీ అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చెప్పి తల దించుకున్నాడు, ఇక మూటాముల్లే సర్దుకోవాల్సిందేనని. అయ్యగారు ఏం చేశారనుకున్నారు? తలపాగా జారిపోయేట్టు నవ్వారంట!

"ఓరి మీ దుంపదెగ, ఈ తగువు మీరు కొత్తగా పెట్టుకున్నారనుకున్నారా? ముగ్గురైనా ఒక్కడేనని చెప్పే త్రిత్వమనే మాట బైబిల్లో ఎంత వెతికినా దొరకదు. మొదటి విశ్వాసులు ఒక్క దేవుడికే మొక్కేవాళ్ళు, మళ్ళీ యేసునీ ప్రభువా అని పిలిచేవాళ్ళు, తండ్రి కుమార పరిశుద్ధాత్మ పేరునే మునిగేవాళ్ళు. అది ఎట్టా కుదురుద్దని ఎవరూ ఆగి అడగలేదు. అడిగాక వొచ్చింది తంటా. ఒకడే మూడు వేషాలు వేశాడన్నారు కొందరు, అది ఎంకమ్మ మాట. ఐగుప్తు రేవు పట్నంలో ఒక సంఘపెద్ద, తండ్రే కొడుకుని తయారుచేశాడు, కొడుకు లేని కాలం ఉందన్నాడు, అది మన పోలయ్య మాట. దాన్ని పాటలు కట్టి ఓడలోళ్ళు కూడా పాడారు! రోమా చక్రవర్తి బిషపులందర్నీ నీకయ అనే ఊళ్ళో కూర్చోబెడితే, కొడుకు చేసిన వస్తువు కాడు, తండ్రిదీ ఆయనదీ ఒకటే స్వభావమని రాశారు. అంతటితో ఆగిందా? ఆ మాట పట్టుకుని నిలబడ్డ ఒక బిషపుని ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు, రానిచ్చారు, మళ్ళీ వెళ్ళగొట్టారు. ఆత్మ సంగతి తేలేసరికి ఇంకో తరం పట్టింది. మీకు వారం కూడా కాలేదు, ఏం తొందర?" అన్నారంట.

ఆ తేలిందేదో చెప్పండి, కూర చల్లారిపోతోంది అన్నాడు రాగులు. అయితే నువ్వు ప్రార్థన చెయ్యి దేవదానం అన్నారు అయ్యగారు. మనోడికి రోజూ అలవాటైన మాటలే వొచ్చినయ్యి. "తండ్రీ, నీ కుమారుడి పేరున అడుగుతున్నా, నీ ఆత్మని మా మధ్యకి పంపి మమ్మల్ని ఒక్కటి చెయ్యి" అన్నాడు. అని ఏడ్చేశాడు. అయ్యగారు జనం వైపు తిరిగారు. ఎంకమ్మా, ఎవరన్నా తన్ను తానే తన కొడుకు పేరున అడుక్కుంటాడా? లేదండీ అంది. పోలయ్యా, చేసిన బొమ్మ పేరున అడుగుతామా? లేదండీ. రాగులూ, ముగ్గురు దేవుళ్ళకి మొక్కాడా ఇప్పుడు? ఒక్కడికేనండీ అన్నాడు రాగులు. అంతే, ఆ బిషపులు చేసింది కూడా అంతే, జనం చేస్తున్న ప్రార్థన చుట్టూ కంచె వేశారు, ఇటు పోవద్దు అటు పోవద్దని, లోపలున్నది ఎవరికీ కొలతకి రాదు అన్నారు అయ్యగారు.

మరి విస్తళ్ళు అన్నాడు పోలయ్య. వదలడు గదా! అందరూ దేవదానం వైపు చూశారు. అట్టాగే కానీండి అంటాడనుకున్నారు. అనలేదంట. "మూడు వెయ్యండి. ఒకటే కొలత. ఒకటే కుండలోంచి ఒకటే గరిటెతో వడ్డించండి. దేవుడు తినడు, వేళ మించి వొచ్చినోళ్ళు తింటారు. మూడు వేస్తే ముగ్గురు తింటారు" అన్నాడు. ఆ మాటకి ఆకులు కుట్టే ఆడవాళ్ళు లేచి విస్తళ్ళు అందుకున్నారు. అయ్యగారు మాత్రం, బాగుంది గానీ ఆ కుండే దేవుడని మళ్ళీ మొదలెట్టకండి అని, కాలవ దగ్గరికి పదండి అన్నారు. సలోమి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలీదు.

అందరూ మునిగారు, వొచ్చినోళ్ళు వొచ్చినట్టు తిన్నారు, బంతి లేచింది. కుండలు ఖాళీ. తొలి విస్తళ్ళు మూడూ అట్టాగే ఉన్నయ్యి, ఆకలితో ఎవరొస్తారా అని చూస్తున్నాడు దేవదానం. వొచ్చారు. ఎవరనుకున్నారు? తడిగుడ్డలతో పోలయ్య, ఎంకమ్మ, రాగులు! మునిగి లేచిన కాణ్ణించీ కాలవ గట్టు మీదే నిలబడి వాదించుకుంటున్నారంట ముగ్గురూ. మాకేమన్నా మిగిలిందా ఉపదేశయ్యా అన్నారు. దానికేం, కూర్చోండి అన్నాడు.

పక్కపక్కనే కూర్చుని తిన్నారంట. చల్లారిన కూరే, అయినా ఆకులు నాకేశారు. ఇప్పటికీ ఆ పాలెంలో మూడు వేస్తారు, జానెతో కొలిచి మరీ వేస్తారు. నన్నడిగితే, ఆ బిషపులకి కూడా ఎవరన్నా వేళకి అన్నం పెట్టకుండా ఉండుంటే ఎంత బాగుండేది, తగువు సగం రోజుల్లో తెగేది.