గడపకు దిగ్గొట్టిన మేకులు

ఊరవతల మోటుపల్లి వారి గిలకబావి ఉందే, ఎవ్వరూ చేద వెయ్యరు, మిట్టమధ్యాహ్నం గేదెలు తోలుకెళ్ళేవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోతారు, ఎందుకో తెలుసా మీకు? కాస్త దగ్గరకి జరగండర్రా, గట్టిగా చెప్పే ఓపిక లేదు నాకు. ఇప్పుడే దీపం పెట్టి వచ్చాను, అబద్ధమాడను.

మా అమ్మమ్మకి నాంచారమ్మ అని అక్క ఉండేది. ఆ మోటుపల్లి వారింటికే ఇచ్చారు. చంకన ఒకడు, కొంగు పట్టుకుని ఒకత్తి, ఉయ్యాల్లో ఒకడు, పైన అత్తగారు తిరపతమ్మ కేకలు. ఆ పిల్ల కూర్చుని అన్నం తినగా చూసినవాళ్ళు లేరట. గుడికెళ్ళి ఒక్క ప్రదక్షిణం చేసుకొస్తానత్తయ్యా అంటే, దేవుడెక్కడికి పోతాడే, ముందు పిల్లాడు లేచాడేమో చూడు, అనేదట ఆవిడ. సరే, ఆ వానాకాలం నాంచారమ్మ జ్వరమొచ్చి పోయింది. పసిబిడ్డ తల్లి పోతే బిడ్డ కోసం వస్తుందని మన వైపు గడపకి మేకులు కొడతారు కదా, కొట్టారు.

అయితే ఆవిడ ఇంటి వైపే రాలేదమ్మా. కర్మలు దాటాక ఒక మధ్యాహ్నం ఆ బావి గట్టు మీద కనపడింది. జుట్టు విరబోసుకుని, కాళ్ళు బావిలోకి వేలాడేసి, తనలో తను రాములవారి కీర్తన పాడుకుంటోందట. దెయ్యం రాముడి పాట పాడుతుందా అని అడక్కండి, బతికుండగా పాడుకోనిచ్చారా? ఎవర్నీ పట్టలేదు, పిలవలేదు. అయినా ఊరంతా హడిలిపోయింది. దేనికంటారు? ఆడది ఊరికే కూర్చున్నందుకు.

ఇంట్లో పసివాడు గుక్క తిప్పుకోకుండా ఏడుపు, తిరపతమ్మకి నడుం పడిపోయింది. ఏం చేసిందావిడ? మేకులు పీకించి, పిల్లాణ్ణి చంకనేసుకుని బావి దగ్గరకి పోయి, వాడి తొడ మీద గిల్లింది. వాడు కెవ్వుమన్నాడు, పాట ఆగిపోయింది. ఎంతసేపు కూర్చుంటావే, నీ కొడుకే, రా, అందట, బతికున్నదాన్ని పిలిచినట్టే. వాణ్ణి ఏడిపించుకుంటూ ఇంటికొస్తుంటే వెనకాలే తడికాళ్ళ చప్పుడు. ఆ చప్పుడు గడప దాటి లోపలికొచ్చిందో లేదో, మేకులు మళ్ళీ దిగ్గొట్టించింది. ఆ మేకులు బయటివాళ్ళని రానివ్వవు సరే, లోపలివాళ్ళని మాత్రం పోనిస్తాయా? ఆ రోజునుంచి మీరు దడుచుకునేది ఖాళీ బావికి.

ఇక ఎవరూ ముట్టకుండానే ఉయ్యాల ఊగేది, పొంగే పాలు వాటంతటవే దిగేవి. తిరపతమ్మ అరుగు మీద వత్తులు చేసుకుంటూ, మా కోడలు బంగారం, అనేది. బతికుండగా ఆ మాట నోట రాలేదు.

మా అమ్మమ్మ పోయి కాళ్ళు పట్టుకుంది, మేకులు తీసెయ్యండి, మా అక్కని పోనివ్వండి అని. పిల్లలు నడవనీ, అందావిడ. నడిచాక వెళితే, పెళ్ళిళ్ళు కానీ, అంది. ఆవిడ మంచాన పడ్డాక వెళితే విసనకర్ర దానంతటదే విసురుతోంది, ఇంకేం అడుగుతుంది? చివరికి ఆవిడా పోయింది. అమ్మయ్య అనుకుని ఆ ఉయ్యాల్లో పిల్లాడే, మీసాలొచ్చాయి వాడికి, వాణ్ణి అడిగింది. వాడు తల గోక్కుని, మా ఆవిడకి నెలలు నిండాయి పిన్నీ, అమ్మ ఇంట్లో ఉంటే ధైర్యంగా ఉంటుంది, అన్నాడట.

మా అమ్మమ్మ మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఆడపిల్లలున్నవాళ్ళు వినండి, ఆ మోటుపల్లి వారు ఇప్పటికీ మంచివాళ్ళే, కట్నం కూడా అడగరట. మంచినీళ్ళకని కూడా ఆ గడప తొక్కకండి.