వరసలో మూడో మనిషి

1977 డిసెంబరు. విజయవాడ భవానీపురంలో కాశిం రేడియో రిపేరు కొట్టు. ఉప్పెన వచ్చి ముప్పయ్యేడు రోజులైంది. శౌరయ్య, ఆయన భార్య తెరేసమ్మ బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"అంతకంటే పెద్ద టీవీ లేదా, కాశిం?"

"ఉందండీ శౌరయ్యగారూ. పిక్చర్ ట్యూబు ఇరవై అంగుళాలది ఉంది, ఇరవై నాలుగుదీ ఉంది. చిన్న టీవీ ముందు లెన్సు తగిలించి బొమ్మ పెద్దది చేసేది ఒకటి. ఇంకోటి ఫారిన్‌ది, సినిమాలాగా తెర మీదికి వెలుగు కొడుతుంది. హైదరాబాదులో ఒక సేటుగారింట్లో బిగించడానికి నేనే వెళ్ళా. తెర మంచమంత ఉంటుంది."

"అయితే అదే కావాలి. మంచమంత తెరమీద నా కూతురి మొహం పోల్చుకోలేనా?"

"ఉండవే తెరేసమ్మా. అతన్ని చెప్పనీ."

"ఏం చెప్పేది? హైదరాబాదులో మా తమ్ముడు అంతోని కళ్ళారా చూశాడుగా. ఆ ఉత్తరం ఇటివ్వండి."

"నేను చదువుతాలే. 'టీవీ వార్తల్లో దివిసీమ చూపించారు. బడి వరండాలో ఆడవాళ్ళు వరసగా పడుకుని నిద్రపోతున్నారు. మూడో మనిషి మన అమలమ్మే అక్కా.' ఇదీ కాశిం. మా పిల్ల అక్కడి బళ్ళో పంతులమ్మగా చేరి ఐదు నెలలు."

"తెలుసండీ. సెలవులకొస్తే ట్రాన్సిస్టరుకి బ్యాటరీలు ఇక్కడే కొనేది. మూడో మనిషా?"

"మూడో మనిషే."

"అంతోనిగారు ఎక్కడ చూశారు?"

"పక్కింటివాళ్ళ టీవీలో. పన్నెండంగుళాలదట. వీధి వీధంతా అక్కడే. వీడు గుమ్మంలో నిలబడి చూశాడు."

"గుమ్మంలోంచా... టీ తెప్పిస్తానండీ."

"టీ ఎవరిక్కావాలి నాయనా? ఆ పెద్దది తెప్పించగలవా, లేదా?"

"తెప్పించినా ఇక్కడ బొమ్మ రాదమ్మా. హైదరాబాదు స్టేషను మనదాకా అందదు."

"కొండమీద ఏరియల్ కడదాం."

"కొండెక్కినా అందదు. అందినా, ఆ వార్తలు ఆ రోజుతో అయిపోయాయి."

"రేడియోవాళ్ళు ఉత్తరం రాస్తే వేసిన పాటే మళ్ళీ వేస్తున్నారుగా? వీళ్ళకీ రాద్దాం. పిల్ల పేరూ ఊరూ వివరంగా రాస్తే వెయ్యరూ?"

"అది... అది వేరమ్మా."

"ఏం వేరు? ఈయన చూడు, మూడు రోజుల్లో..."

"నేనే చెబుతా. మూడు రోజుల్లో నలభయ్యో రోజు, కాశిం. చనిపోయినవాళ్ళ పూజలో మా పిల్ల పేరు చదవమంటారా అని ఫాదరుగారు అడిగారు. శిలువ మీద పేరు చెక్కడానికి వడ్రంగి రత్తయ్య నా మాట కోసం చూస్తున్నాడు. నేను ఎటూ చెప్పలేదు."

"బతికున్న పిల్లకి శిలువ పాతితే ఆ పాపం ఎవరికండీ?"

"పోయిన పిల్లకి పూజ ఎగ్గొడితే అదీ పాపమే కదే? రోజూ ప్రభువుని అడుగుతున్నా. ఈ ఉత్తరం పట్టుకుని క్యాంపులన్నీ తిరిగాను. ఏ పుస్తకంలోనూ పేరు లేదు. బతికుంటే ఒక్క కార్డుముక్క రాయదా?"

"చెయ్యి విరిగిందేమో! మతి పోయిందేమో! నిద్రపోతోందని రాశాడుగా. నిద్రపోయిన మనిషి లేవదా?"

"కాశిం, నేనడిగేది ఒకటే. బొమ్మ పెద్దదైతే, చిన్నదాంట్లో కనపడనిది కనపడుతుందా?"

"కనపడదండీ. బొమ్మలో ఉండే గీతలే ఇంకా లావవుతాయి. అంతే."

"అంతేనా? మరి నా మొహం చూడవేం?"

"సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిందండీ, చూసుకోవాలి..."

"దాని ప్లగ్గు పీకే ఉందిగా. ఆ సేటుగారింటికి ఎప్పుడెళ్ళావు?"

"ఆ వారమేనండీ."

"ఏ వారం?"

"ఉప్పెనొచ్చిన వారం."

"నువ్వూ చూశావా నాయనా? మా అమలమ్మని చూశావా?"

"చూశానమ్మా. అమలమ్మే. మూడో మనిషే. చెబుదామని మీ వీధిదాకా నాలుగుసార్లు వచ్చి వెనక్కి పోయాను."

"చూశారా! నేను చెప్పలా! లేవండి, శిలువ వద్దని రత్తయ్యకి చెప్పి రండి. లేవండీ!"

"ఆగు తెరేసమ్మా. కాశిం, చెప్పెయ్యి."

"చిన్న టీవీలో పాదాలు ఆనవండీ. ఆ తెరమీద ఆనాయి. వరసలో అందరికీ కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టేసి ఉన్నాయి."