పిడికెడు తెల్ల ఉన్ని

"టీచరవ్వా, గీ గొర్రెపిల్లకు ఎనుక కాళ్ళేవి? గింత మంచిగ పటం కట్టించి గోడకు పెట్టినవ్, సగమే ఉన్నదేంది?"

అడగనే అడిగినవా? పెండ్లి కార్డు ఇచ్చి పోతవనుకున్న. కూసో మంజులా. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతది, గీ మంచం మీద కూసో. ఫోన్ల ఎక్కించుకుంటున్నవా నా మాట? ఎక్కించుకో. డెబ్బై నాలుగేండ్లు వచ్చినయ్, దాసుకునేటిది ఇగ నాకేమున్నది? ఒక్కటే ఉన్నది. నువ్వు అడిగింది దాన్నే.

ఆ గొర్రెపిల్ల మీదే బిడ్డా. మీ తాత కొమురయ్య తన చేతితోని కత్తిరించిన ఉన్ని అది.

జర ఎనుకకెళ్ళి చెప్పాలె. నేను బడిల డ్రాయింగ్ టీచరునే గాని, పిల్లల పుస్తకాలకు బొమ్మలు గూడ వేస్తుంటి, నీకు ఎరుకనే గదా. పొద్దుగాల జనగామల రైలెక్కి హైదరాబాదు పోయి, బొమ్మలిచ్చి, మాపటి రైలుకు వచ్చుడు. ఆడ పుస్తకాలేసే ఆయన ఒకాయన ఉండె. పేరెందుకులే, పోయిండు. నా బొమ్మలు చూసి, "ఏమ్మా, మీ పిల్లలు ఇంత నల్లగా ఉన్నారేంటి? కాస్త తెల్లగా వేయండి. ఆ ముసలావిడకి ఆ గొంగడేంటి, తీసేయండి" అంటుండె. "మా దిక్కు గిట్లనే ఉంటరు సార్" అంటె, నా మాటను నాకే అప్పజెప్పి నవ్వెటోడు. "గిట్లనే, గిట్లనే" అనుకుంట. పక్కన టైపు కొట్టే పిల్ల గూడ నవ్వేది. నేనూ నవ్విన. ఏం జేస్త? బొమ్మకు ఇరవై రూపాయలు, మా అమ్మ దవాఖానల ఉండె. నవ్వి వచ్చి రైల్ల ఏడ్చిన. కాదు కాదు, ఏడ్చింది ఇంటికొచ్చినంక. రైల్ల నిలవడానికే జాగ లేకుండె, ఏడుసుడెక్కడిది?

అందుకే ఉద్యమం మళ్ల లేచినప్పుడు అరవై ఏండ్లున్నా ఇంట్ల కూసోలె. దినాం దీక్ష శిబిరంలనే. అరవై తొమ్మిదిల లాఠీ దెబ్బ తిన్న మనిషిని నేను. గీ ఎడమ చెయ్యి చూడు, ఇప్పటికీ మీదికి పూర్తిగ లేవది. మైకు దొరికితె ఇడిసేదాన్ని కాదు. "మా నీళ్ళు గుంజుకున్నరు, మా కొలువులు గుంజుకున్నరు, మా మాటను గుంజుకున్నరు" అని ఒర్రి ఒర్రి గొంతు పోయేది. మీ బాపమ్మ మల్లవ్వ ఆ దారిల పోవుకుంట ఆగి, "ఏమే పంతులమ్మా, రాష్ట్రం తెచ్చినవా? సంచిల ఉన్నదా?" అని ఎక్కిరిచ్చేది. నలభై ఏండ్ల దోస్తు మరి. ఆమె గట్ల అనకపోతె నాకు పొద్దు పోకపోయేది.

అగో, సమ్మె దినాలు. బస్సులు లెవ్వు, బడులు లెవ్వు. మానుకోట అవతల తండాల పిల్లలకు ఒక చిన్న హాస్టలు ఉండె. అమ్మ నాయిన దూరం కూలికి పోతె పిల్లలు ఆడ ఉండి సదువుకునేటోళ్ళు. చలి ముంగట వస్తున్నది, ముగ్గురికి ఒక దుప్పటి ఉన్నది. అందుకని శిబిరమోళ్ళం అనుకున్నం, మానుకోటల ఒక సభ పెట్టాలె, ఎవలకు చేతనైన వస్తువు వాళ్ళు చేసి తేవాలె, దాన్ని వేలం వేసి పిల్లలకు దుప్పట్లు కొనాలె. ఒకాయన కుండలు తెస్తనన్నడు, ఒకామె బుట్టలు అల్లుతనన్నది. నేను ఉన్నితోని బొమ్మ చేస్తనన్న.

దాన్ని ఫెల్ట్ అంటరు. ఢిల్లీ దిక్కు ఒకామె ఎప్పుడో నేర్పింది నాకు. మగ్గం ఉండది, నేత ఉండది. ఉన్ని పింజి, చాప మీద పొరలు పొరలుగ పరిచి, మీద వేడినీళ్ళు, సబ్బు పోసి, చాప చుట్టి కాళ్ళతోని తొక్కుడు. తొక్కంగ తొక్కంగ ఆ పోగులు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయ్. దళసరి గుడ్డలెక్క అయితది. దాన్ని కత్తిరించి, బొమ్మలు చేసి అతికిచ్చుడే.

ఉన్నికి ఎవలింటికి పోత? మీ ఇంటికే. నలుగురైదుగురు ఆడోళ్ళను గూడ తోలుకపోయిన, తొక్కనీకి. మల్లవ్వ మారు మాట్లాడకుంట సందూకు తీసి, ఉన్నంత నల్ల ఉన్ని సంచిల పోసింది. "తీస్కపో, పిల్లలకు గదా" అన్నది. ఆమె మనసు గసొంటిది. అట్టడుగున ఒక రుమాలు మూట కనపడ్డది. నేనే ఇప్పి చూసిన. అడగకుంట ఇప్పిన, రాసుకో. తెల్లటి ఉన్ని, పిడికెడు. ఎంత మెత్తగ ఉన్నదంటే, పసిపిల్ల నెత్తి మీద ఎంటికలు ఉంటయ్ గదా, గట్ల.

"గది ముట్టకే. మీ అన్నది" అన్నది మల్లవ్వ. మీ తాత నాకు అన్న వరుస. మీ తాత కరువుల మందను అమ్మిన నాడు, బేరగాడు తోలుకపోయే ముందట, తెల్ల గొర్రెపిల్ల ఒకటి ఉంటె దాని తొలి ఉన్ని కత్తిరించి దాసిండట. మీ ఇండ్లల్ల పెండ్లికి ఉన్ని దారం కంకణం కడతరు గదా. మీ అక్కను చూపి, "స్వరూప పెండ్లికి పేనాలె, మిగిలింది చిన్నదానికి" అని చెప్పి ఆ ఏడే పోయిండు. చిన్నదంటె నువ్వే. నేను ఉన్నికి వచ్చిన నాడు ఎనిమిదేండ్లు ఉంటయేమో నీకు, గడప మీద కూసొని జామకాయ తింటున్నవ్.

నాకు బొమ్మ కండ్ల ముంగట ఉన్నది. నల్ల మంద, గొంగడి కప్పుకున్న ముసలామె, తండా పిల్ల, ఆ పిల్ల సంకల ఒక్కటంటె ఒక్కటి తెల్లపిల్ల. అది లేకపోతె బొమ్మ లేస్తలేదు. ఆలోచించు బిడ్డా, తెల్లగ వెయ్యమన్నందుకు ఆ మనిషి మీద ఇరవై ఏండ్లు పండ్లు కొరికిన నేను, తెల్ల ఉన్ని కాడ పాణమిడిసిన.

"ఇయ్యవే" అన్న. మళ్ల అడిగిన. ఆమె రుమాలు ముడి ఏస్తున్నది. అప్పుడు నాకు మైకు ముందట నిలవడ్డట్టే అయింది. అందరు ఇనంగ ఒర్రిన. "రోడ్ల మీద మన పిల్లలు దెబ్బలు తింటున్నరు, ఆడ పసిపిల్లలు చలికి వణుకుతరు, నువ్వు పిడికెడు ఉన్ని దాసుకుంటవా మల్లవ్వా? రాష్ట్రమే రాకపోతె నీ పెండ్లిళ్ళెవలికి?" అన్న. వచ్చిన ఆడోళ్ళు తల కిందికేసిండ్రు. ఒకామె, "ఇయ్యరాదే అక్కా" అని మెల్లగ అన్నది. మల్లవ్వ మొకం... ఏం చెప్పాలె. ఉన్ని నా దిక్కు సాపింది. రుమాలు మాత్రం ఇయ్యలె, రొండిన చెక్కుకున్నది.

ఆ దినమే తొక్కినం. వాకిట్ల చాపలు పరిచి, బతుకమ్మ పాటలు అందుకున్నరు. మల్లవ్వ గూడ వచ్చి చాప మీద కాళ్ళు పెట్టింది. తొక్కింది గని పాడలె. ఆమె కాళ్ళ కిందనే ఆమె ఉన్ని ముద్దయింది. నేను చూసిన. చూసి గూడ గొంతు పెంచి పాడిన.

బొమ్మ మంచిగొచ్చింది. అబద్ధమెందుకు, నా జిందగీల అంత మంచి బొమ్మ మళ్ల వెయ్యలె. మానుకోట సభల పిల్లల డాక్టరు ఒకాయన, హన్మకొండ ఆయన, వేలం పాడి తీసుకున్నడు. పిల్లలందరికీ దుప్పట్లు వచ్చినయ్. నేనే పోయి కప్పిన. ఒక చిన్నపిల్ల దుప్పట్లకెళ్ళి మూతి బయటపెట్టి నవ్వింది. అది తప్పని నేను ఎన్నడూ అనను.

మరుసటి ఏడు స్వరూపను రేగొండకు ఇచ్చిండ్రు. పెండ్లిల నేను ముందటనే కూసున్న. కంకణం తెచ్చిండ్రు. బజారుల కొన్న స్వెటర్ దారం. నున్నగ, మెరుసుకుంట. మల్లవ్వ దానికి పసుపు రాసుకుంట ఒక్కసారి నా దిక్కు చూసింది. తిట్టినా మంచిగుండేది. బువ్వ తినకుంట లేచి వచ్చిన.

ఆ వారమే హన్మకొండ పోయిన. డాక్టరు మంచోడు, సంగతి చెప్పంగనే గోడ మీది బొమ్మ తీసి చేతిల పెట్టిండు. వేరే బొమ్మ వేసి ఇస్తనని బతిమిలాడి ఒప్పిచ్చిన, తర్వాత వేసిచ్చిన గూడ. బొమ్మలకెళ్ళి తెల్లపిల్లను కోసి తీసుకొని సీదా మీ ఇంటికొచ్చిన. "దారం పేనుదాం మల్లవ్వా, చిన్నదానికన్న అయితది" అన్న. వేడినీళ్ళల్ల నానబెట్టిన, సూదితోని గెలికిన, దువ్వెనతోని దువ్విన. పొద్దంత అదే పని. ఎనుక కాళ్ళ దిక్కు సగం పొట్టు పొట్టు అయి రాలింది గని, ఒక్క పోగు జానెడు పొడుగు రాలె. మల్లవ్వ గడప మీద కూసొని చూస్తనే ఉన్నది. ఆఖరికి లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నది.

"తొక్కిన ఉన్ని ఇడిపోదే పంతులమ్మా. నువ్వే గదా నేర్పింది" అన్నది. రాలిన పొట్టు ఏరుకుంట, "నాకు ఉన్ని వద్దు గని, ఒక్కటి చెప్పు. నేను ఇచ్చిన్నా, నువ్వు గుంజుకున్నవా?" అన్నది.

మంజులా, ఒక్క మాట. గుంజుకున్న అని ఒక్క మాట అంటె అయిపోయేది. అది నా నోటికి రాని మాటనా? ఆ మాటతోనే గదా ఊరూరు తిరిగి మైకులు పగలగొట్టిన. నేనేమన్ననో ఎరుకనా? "పిల్లల కోసం గదనే" అన్న. ఆమె నవ్వింది. గా సగం గొర్రెపిల్లను తెచ్చి నా ఒళ్ళె పెట్టి, "అయితె ఉంచుకో" అని లోపలికి పోయింది.

గంతే. తర్వాత ఎదురుపడితె పక్కకు జరిగి పోయేది. రాష్ట్రం వచ్చిన నాడు ఊరంత రంగులు చల్లుకుంటుంటె మిఠాయి పట్టుకొని మీ ఇంటికి పోయిన. సంచిల ఉన్నదా అని ఎక్కిరిస్తదేమో అని ఆశ. తలుపు తీసింది, మిఠాయి తీసుకున్నది, "వచ్చిందా, మంచిది" అన్నది. ఆమె పోయిన నాడు గూడ నేను మీ వాకిట్లకు రాలె, మోరీ కాడ నిలవడి చూసిన. ఏ మొకం పెట్టుకొని వస్త?

ఏడుస్తున్నవా? నువ్వెందుకు ఏడుస్తవ్, ఏడువాల్సింది నేను. ఇగో, పటం దించు, చెయ్యి అందుతలేదు నాకు. తీస్కపో. కంకణానికైతె పనికిరాదు, పెట్టెల పెట్టుకో, మీ తాత చేతిది. నీ కంకణానికి ఏ దారం తెచ్చిండ్రో నేను అడగను. ఏదైనా సరే, మీ ఇంటోళ్ళు మనసారా కడితె సాలు. సల్లగుండు బిడ్డా, పిల్లాపాపలతోని సల్లగ...

ఆ ఫోను బంద్ చేసినవా? చెయ్యలేదా? మంచిది, ఉండనియ్. జర నా దగ్గరికి పట్టు.

మల్లవ్వది నేను గుంజుకున్న. ఆమె ఇయ్యలె, నేనే గుంజుకున్న.

ఆ, ఎక్కింది గదా ఫోన్ల? రేగొండకు పంపియ్. స్వరూపను గూడ ఇననియ్.