పచ్చగా వచ్చిన చేను

ఫోన్లొచ్చినాక ఫోటోల పనితనం పెరిగిందా, తగ్గిందా అని అడిగి రమ్మన్నారా మీ కాలేజీలో? భలే పాపా, అడిగేది కూడా ఫోన్లోనే రికార్డు చేస్తాండావే! సరే, ఈడ పెట్టు, ఈ తాత పక్కన.

నేను కదిరిలో స్టూడియో పెట్టినప్పుడు రీలుకు పన్నెండు ఫోటోలు. పన్నెండంటే పన్నెండే. ఒక రీలు కొనాలంటే మా నాయన రెండు దినాల కూలి. అందుకే నొక్కేముందు మనిషి చుట్టూ రెండు తూర్లు తిరిగి, ఎండ యాడ పడతాండాదో చూసి, ఊపిరి బిగబట్టి నొక్కుతాంటి. మీకేమప్పా, నొక్కిందే నొక్కడం. మొన్న నీ జతగాల్లు మీ అవ్వను తీసినారు సూడు. ముందు ఫోన్లో యాడిదో ముసలామె ఫోటో చూసుకున్నారు, ఈమెనూ అట్లే కూర్చోబెట్టినారు. "నవ్వొద్దవ్వా, కష్టంగా చూడు" అంట! నలభై ఏండ్లు జనాల్ని నవ్వండప్పా అని బతిమాలినోన్ని నేను. మీ అవ్వేమో పాపం, ఆ మాటకే నవ్వాపుకోలేక సచ్చిపాయ.

మేమేదో అబద్ధమే ఆడలేదని కాదులే. సోమందేపల్లె పిల్ల, కాదు కాదు, పెనుకొండ కాడిది, నల్లగా కళగా ఉండె. వాల్ల నాయన "కొంచెం తెల్లగా రావల్లప్పా" అన్యాడు. నెగెటివ్ మీద పెన్సిలు పట్టి గంటసేపు తెల్లగా చేసినా. పెండ్లిచూపులకొచ్చినోల్లు ఫోటో చూసి, పిల్లను చూసి, "ఈమె ఎవురు, ఫోటోలో పిల్లను పిలవండి" అన్నారంట. ఆయన చెప్పు చేత పట్టుకోని స్టూడియోకొచ్చె. కానీ ఆ అబద్ధం చెప్పింది నేనే, చెప్పినట్ల నాకు తెలుసు. మీ ఫోను మీకు చెప్పకుండానే అబద్ధమాడతాది.

మీ మామ చేను సంగతే తీసుకో. తల దించుకోవాకు పాపా, తిట్టేకి కాదు. మీ అమ్మ తమ్ముడు, నా బిడ్డలెక్కనే వాడు. శెనక్కాయ ఏస్తే, వాన లేక, కాయ కట్టే ఊడలు మన్నులోకి దిగకనే ఎండిపాయ. ఆఫీసరొచ్చి చూస్తే గదా పంటనష్టం లిస్టులో పేరు పడేది? ఆయన రానే రాకపాయ. ఆవులు ఆకలికి అరుస్తాంటే చూడలేక, చెట్లు పెరికి మేతకేద్దామనుకున్యాడు. ముందు నిన్ను పిల్చి, "ఫోటోల చదువే చదువుతాండావు గదమ్మా, చేను ఎండినట్ల ఒకటి తీయి, సాక్ష్యముంటాది" అన్యాడు.

వంగినావు, నేల మీద పండుకున్నావు, బాగానే తీసినావు. ఆ ఫోనుందే, చేనంటే పచ్చగుండాలని యాడో నేర్చుకోనొచ్చినట్లుండాది. ఎండిన ఆకుకు పచ్చ కొట్టె, ఆకాశానికి నీలం కొట్టె. నువ్వు ఫోన్లో చేనును చూసి బాగుండాదనుకున్నావు గానీ, తలెత్తి ఎదురుగా ఉండే చేనును చూడకపోతివి. వారానికి ఆఫీసరొచ్చె. చేన్లో చెట్టు లేదు, అన్నీ అప్పుడే మేతకు పాయ, మామ చేతిలో నీ ఫోటో. "ఏమప్పా, ఇంత బాగా పండితే కరువంటావేంది?" అనె. పేరు లిస్టుకెక్కలే. ఫోటో మాత్రం మీ కాలేజీ గోడకెక్కె, అందురూ చప్పట్లు కొట్టిరి.

"మామ నన్నేమన్నా అన్యాడా, తాతా?"

అంటాడనే గదా నెల దినాలుగా ఆ ఇంటి పక్కకే పోకుండా ఉండావు. ఏమీ అనలేదమ్మా. నిన్న నా కాడికొచ్చి ఫోను చేతికిచ్చి, "పాప తీసిన ఫోటో, ఫోను తెరిస్తానే కనపడేట్లు పెట్టు మామా" అన్యాడు. నీ నోట్లో మన్ను కొట్టిన ఫోటో ఎందుకురా అంటే, "నా చేను ఇంత పచ్చగా నేనెప్పుడు చూసినా మామా? ఇట్లన్నా చూసుకోనీ" అన్యాడు.

నాకు కండ్లల్లో నీల్లు తిరిగినాయి పాపా. పెట్టిచ్చినా.

ఇంగ చాలు, ఆపు దాన్ని. లేసి ఇప్పుడే మామ కాడికి పో. మాసిన గడ్డంతో ఎట్లుంటే అట్ల వాన్ని ఒక ఫోటో తీయి. నొక్కేముందు వాని మొగం ఒక్కతూరి బాగా చూడు. నీ కన్ను సల్లగుండ తల్లీ, చూసింది చూసినట్ల చూపిచ్చే కన్ను... పో, పో, పొద్దు ఉండంగానే పో.