బొరుగుల మద్దిలేటి పాట పరీక్షకు కూచున్నది

మద్దిలేటి అని ఒకాయన ఉండెనంట, గడ్డమీదిపల్లెలో బొరుగులు వేయించే ఆయప్ప. ఇప్పుడంటే మిషన్లొచ్చినాయి గానీ అప్పుడంతా బట్టీనే కదా. పెద్ద బాండ్లిలో ఇసుక కాగబెట్టి, దాంట్లో బియ్యం ఏస్తే చిటచిట పొంగుతాయి, జల్లెట్లో ఏసి ఇసుక దులిపి తీసేది. పెండ్లాం సాలమ్మ బట్టీ కాడ కూచుంటే ఈయప్ప సైకిలుకు మూట కట్టుకోని ఊర్లు తిరిగేటోడు. ‘బొరుగులో’ అని ఒక్క కేక ఏస్తే మూడు వీధులవతల పిల్లలు లేచేటోళ్ళంట. అంత గొంతు. పొగకు రోంత బొంగురు పోయింది గానీ గొంతు గొంతే.

వాళ్ళకు ఒక్కతే బిడ్డ, సుంకులి అని. పదకొండేండ్లుంటాయి అనుకో. బంగారట్లాంటి పిల్ల, కానీ మాట తట్టుకుంటది. అన్ని మాటలూ కాదు. మాట మొదట్లో ‘క’ వచ్చినా, ‘ప’ వచ్చినా, ‘మ’ వచ్చినా ఆ పిల్లకు గొంతులో గడియ పడినట్టే. బడిలో పాఠం లేచి చదవమంటే నిలబడేది, నోరు తెరిచేది, మాట వచ్చేది కాదు. పిల్లలు నవ్విరి. పిల్లలు నవ్వకుండా ఉంటారా, మీరు నవ్వేటోళ్ళు కాదా ఏంది. ఐదో తరగతితో బడి మానేసి బట్టీ కాడ జల్లెడ పట్టుకోని కూచునింది. అంగడికి పోయి కందిపప్పు తేపో అంటే శనగపప్పు తెచ్చేది. మిరపకాయలు తెమ్మంటే అల్లం తెచ్చేది. సాలమ్మ తిట్టేదంట, చెప్పిన మాట చెప్పినట్టే మరిసిపోతావు, నీకు మతిమరుపు పుట్టుకతోనే వచ్చింది అని. ఆ పిల్ల పోయి జల్లెడ పట్టుకోని కూచునేది.

అయితే ఏమైందంటే, ఆ పిల్ల జల్లెడ ఆడిస్తా ఆడిస్తా పాడుకునేది. పాటలో మాత్రం తట్టుకోదు. అదెట్లో మరి, నన్నడిగితే నాకేం తెలుసు, నీళ్ళు పోయినట్టు పోతుందంట. వాళ్ళ బట్టీ వెనక ఇంట్లోకి కనకవల్లి టీచరమ్మ అని ఒకామె కాపురమొచ్చింది. సంగీతం చెప్పే ఆమె. సాయంత్రమైతే వరండాలో చాప పరిచి, శ్రుతిపెట్టె పెట్టుకోని పిల్లలకు చెప్పేది. ఈ పిల్ల పాట గోడ దాటి వినపడింది. పిలిచింది. రెండేండ్లు చెప్పింది. రెండేండ్లలో సుంకులి గొంతు ఎట్లయిందంటే, బియ్యపు లారీ డ్రైవరు సరుకు దించి కూడా పోకుండా నిలబడి వినేటోడంట.

మల్ల ఒకనాడు టీచరమ్మ బట్టీ కాడికి వచ్చి చెప్పింది. సంగీతానికి కూడా బడిలో మాదిరే మెట్లుంటాయి, మొదటి మెట్టు, రెండో మెట్టు, అట్ల పైకి, ఒక్కో మెట్టుకు ఒక్కో పరీక్ష, కర్నూల్లో పెడతారు. ఈ పిల్ల మొదటిది ఎక్కితే అక్కడే సంగీతం బడిలో చేర్పించొచ్చు, నేను రాసిస్తాను, ఈ పొగలో కూచునే పని లేదు అని. సాలమ్మ కండ్లు తుడుచుకునింది. మద్దిలేటి సంబరపడినాడు. సుంకులి మాత్రం తల అడ్డంగా ఊపింది. ఎందుకే అంటే, ఆ తరువాత ఏందేందో అడుగుతారంట అని మెల్లగా అనింది. అవును, అడుగుతారు. ఎంచుకున్న పాటది రాగమేంది, తాళమేంది, నోటితో చెప్పాల. నేను రాను అనేసింది. ఎంత బతిమాలినా రాను అనే అనింది.

మద్దిలేటి రెండు దినాలు ఆలోచన చేసినాడంట. సైకిలు మీద పోతా పోతా కేక వేయడం గూడా మరిసినాడు. మూడో దినం తిన్నగా టీచరమ్మ ఇంటికి పోయి, తల్లీ, ఆ పరీక్షకు ఇంత వయసని లెక్క ఏమన్నా ఉందా అన్నాడు. లేదు, ఎవరైనా కూచోవచ్చు అనిందామె. ఒక టీచరు పిల్లలందరినీ ఒకే గదిలో కూచోబెడతారంట కదా? అవును. అయితే నా పేరు గూడా రాయి తల్లీ, బిడ్డ ఒక్కతే పోదు అన్నాడు. ఆమె ఎగతాళి చేస్తున్నాడు అనుకునింది. చూస్తే మనిషి సైకిలు స్టాండు ఏసి, తువ్వాలతో మొగం తుడుచుకోని, చాప మీద పిల్లల పక్కన మడుచుకోని కూచున్నాడు.

ఇంక చూడండి. ఇంత మీసం పెట్టుకోని ఎనిమిదేండ్ల పిల్లల పక్కన స రి గ మ. ఊరంతా గోడ మీదనుంచి చూసింది. మద్దిలేటన్నా, బొరుగులు ఏ రాగంలో అమ్ముతావు అని అడిగేటోళ్ళు. ఆయప్ప నవ్వేటోడు, పోయేటోడు. తాళం ఎయ్యమంటే జల్లెడ కొట్టినట్టు కొట్టేటోడు, ఎనిమిది దెబ్బలు ఎయ్యాల్సిన కాడ తొమ్మిది పడేటివి. పై సా పాడమంటే కేక వచ్చేది, పాట వచ్చేది కాదు. టీచరమ్మకు ఓర్పు ఎక్కువ. ఆమె ఏం చేసిందంటే, శ్రుతి బాగా కిందికి దించి, అన్నా, మామూలుగా బొరుగులో అని ఒక కేక ఎయ్యి చూద్దాం అనింది. ఏసినాడు. ఆమె శ్రుతిపెట్టె మీద ఏలు పెట్టి చూసి, నీ గొంతు ఐదు స్వరాల్లో సుఖంగా తిరుగుతది, ఐదు స్వరాల రాగం మోహన ఉంది, దాంట్లో చిన్న పాట చాలు, గొప్ప పాట ఎత్తుకోని కింద పడేదానికంటే నీ గొంతుకు సరిపోయేది పాడు అనింది. రాముణ్ణి తలుచుకునే నాలుగు ముక్కల పాట నేర్పింది. ఆయప్ప దాన్ని సైకిలు మీద రాగంగానే పాడుకుంటా పోయేటోడు. కొనేటోళ్ళు బొరుగుల కేక కోసం కాచుకోని కాచుకోని, పాట పోయిన తరువాత తెలుసుకోని ఎనక పరిగెత్తేటోళ్ళంట.

తండ్రి సంగతి ఇట్లుంటే, బిడ్డ ఏం పాడాల? సుంకులికి మూడు పాటలు బాగా వచ్చు. దాంట్లో ఒకటి ఉండె, ఎట్లాంటిదంటే, మాపటేళ యశోదమ్మ బిడ్డను అన్నానికి పిలిచే పాట. వీధిలో పిలుస్తది, ఏటిగట్టున పిలుస్తది, పిలిచే కొద్దీ గొంతు పైకి పోతా ఉంటది. అది ఆ పిల్ల పాడితే టీచరమ్మ గూడా తప్పులు దిద్దేది మరిసిపోయేదంట. అందరూ అదే పాడతాది అనుకున్నారు. కాగితం మీద రాసే నాడు సుంకులి అది వద్దు, సావేరి రాగంది రాయమ్మా అనింది. టీచరమ్మకు అర్థం కాలే. సావేరి మంచిదే, కానీ దాంట్లో నీ గొంతు సగమే కనపడతది, ఏరి కోరి సగం గొంతు చూపిస్తావా అనింది. పిల్ల వినలే. సావేరి అనే రాయించుకునింది.

మద్దిలేటికి గూడా తిక్కగా ఉండె. నాలుగు దినాల తరువాత ఒక పొద్దున, కోడి కూసినంక, బట్టీ ముట్టించేదానికి పోతే బియ్యం మూటల ఎనక ఏందో గొణుగుడు వినపడింది. నిలబడినాడు. సావేరి, సావేరి, హంసధ్వని, ఆనందభైరవి, సావేరి. గడగడా పోతున్నాయి మాటలు. అంతలోకి ‘క’ అనింది. ఆగింది. మల్ల ‘క’ అనింది. ‘కక్’ అని ఆడికే తట్టుకునింది. తన నోటి మీద తానే చేత్తో ఒక దెబ్బ ఏసుకునింది ఆ పిల్ల. యశోదమ్మ పాట కల్యాణి రాగం కదా. రాగం పేరు అడిగితే చెప్పలేదు కాబట్టి పాటనే వదులుకునిందన్నమాట. చెప్పగలిగే పేరున్న పాట ఏరుకునింది. మద్దిలేటి మూటలకు ఈ పక్కన అట్లనే కూలబడినాడంట. అంగడి నుంచి శనగపప్పు ఎందుకొచ్చేదో అప్పుడు తెలిసింది. ఎన్ని తూర్లు తిట్టినాం రా దేవుడా అనుకున్నాడు. ఆ పొద్దు బట్టీ ముట్టించలే.

టీచరమ్మకు చెప్పినాడు. ఆమె, దాన్ని ఏమీ అడగొద్దన్నా, అది ఎంచుకున్నది పాడనీ, బలవంతం చేస్తే ఆ ఒక్క పాట గూడా దానికి చేదవుతది అనింది. ఇద్దరూ నోరు కట్టుకున్నారు.

పరీక్ష నాడు మొదటి బస్సుకు పోయినారు. మద్దిలేటి తెల్ల అంగీ ఏసుకున్నాడు, మీసానికి నూనె పెట్టుకున్నాడు. టీచర్లు బయట ఉండాల, పాడేటోళ్ళే లోపలికి. గదిలో జంపఖానా పరిచినారు, ఎదురుగా ముగ్గురు కూచోనున్నారు. నడుమ ఒక పెద్దామె, నెరిసిన ఎంట్రుకలు, ఒళ్ళో కాగితాలు. పేర్లు పిలుస్తా ఉంటే మొదటి పేరే మద్దిలేటి. ముగ్గురూ తండ్రివి నువ్వెందుకు లేస్తున్నావు అన్నట్టు చూసినారు, కాగితం చూసినారు, కూచోమన్నారు. పాడినాడు. బాగానే పాడినాడు, పాపం. నడుమ ఒక్క కాడ తాళం తొమ్మిదైంది, అది వదిలేయి. పాట అయినంక పెద్దామె, ఇది ఏ రాగం నాయనా అని అడిగింది.

మూడు వీధులు లేపే గొంతు కదా. ఆ గొంతు పోయింది. నాలుక ఎండుకుపోయింది. పేరు తెలుసు, నాలుగు నెలలు సైకిలు మీద జపం చేసిన పేరు, నోట్లోనే ఉంది, బయటికి రాదు. చెమటలు పోస్తున్నాయి. పిల్లలంతా చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగినంక ఆయప్పకు మాట రాకపోవడం అదే మొదలంట. పెద్దామె కలం కింద పెట్టి, తొందర లేదు, మేం యాడికీ పోము, నిదానంగా చెప్పు అనింది. ఎంతసేపటికో ‘మోహన’ అని వచ్చింది. ఏడుపు మాదిరి వచ్చింది. లేచి వచ్చి బిడ్డ పక్కన కూచోని, ఆ చెమట తుడుచుకోకుండానే మెల్లగా అడిగినాడు.

“నీకు దినమ్మూ ఇట్లనే ఉంటదా తల్లీ?”

సుంకులి తండ్రి మొగం చూసి, ఊ అని తల ఊపింది.

తరువాత పేరు ఆ పిల్లదే. పోయి కూచునింది. పెద్దామె కాగితం చూసి, సావేరి కదమ్మా పాడేది అనింది. అవును అంటే అయిపోతది. తల ఊపినా చాలు. సుంకులి కాదని అడ్డంగా ఊపి, కండ్లు మూసుకోని, యశోదమ్మ పాట ఎత్తుకునింది.  బయట వరండాలో టీచరమ్మ గోడకు ఆనుకోని ఉన్నదల్లా సక్కగా నిలబడిందంట. ఆ పిల్ల వీధిలో పిలిచింది, ఏటిగట్టున పిలిచింది. పైకి, ఇంకా పైకి. ఆ ముగ్గురిలో ఒకాయన రాస్తా రాస్తా రాసేది మానేసినాడు. 

ఇంక అడగనే అడిగింది పెద్దామె, రాగం పేరు చెప్పమ్మా అని. ‘క’ అనింది సుంకులి. ఆగింది. ఎనక ఎవరో ఒక పిల్ల కిసుక్కుమనింది, పెద్దామె ఒక్క చూపు చూస్తే గమ్మునైంది. ‘క... క...’ మద్దిలేటి ఎనకే కూచోనున్నాడు. పేరు తన నోట్లో ఉంది, ఒక్క కేక ఏస్తే అయిపోతది. పండ్లు కరుచుకోని ఆపుకున్నాడు. అది బిడ్డది, బిడ్డే చెప్పాల. బాండ్లిలో ఏసిన బియ్యం పొంగే అంతసేపు, ఇంకా ఎక్కువే. ఎవరూ తొందర పెట్టలే. ‘కల్యాణి’ అని వచ్చింది. తాళం అడిగితే ఆది అని చెప్పింది, అది సులువే. పెద్దామె మల్ల ఒకటి అడిగింది, పరీక్షకు కాదు, ఊరికే. కాగితంలో సావేరి అని రాసినావు కదా, ఎందుకు మార్చినావు అని.

ఇదంటే ఇష్టం అనొచ్చు. ఆ మాట ఆ పిల్లకు తట్టుకోకుండా వస్తది. సుంకులి సులువు మాట ఏరుకోలే.

“ఇది నాకు... ప... ప... పానం అమ్మా” అనింది.

పెద్దామె అంతసేపూ కాచుకోనే ఉండిందంట.

నెలకు కాగితాలొచ్చినాయి. సుంకులికి ఫస్టు క్లాసు. మద్దిలేటి తప్పినాడు. తాళంలో పోయింది. సాలమ్మ నవ్వి నవ్వి బట్టీ ముందర కూలబడింది, నవ్వుతానే ఏడ్చింది. ఆ పిల్ల కర్నూలుకు పోయి సంగీతం బడిలో చేరింది. మాట తట్టుకునేది పోయిందా అంటే పోలే, అదెందుకు పోతది, ఇప్పటికీ ఉంది. కానీ కాచుకోని వినేటోళ్ళ ముందర ఆ పిల్లకు దిగులు లేదు, తొందర పెట్టేటోళ్ళుంటే వాళ్ళు నిదానించేదాకా నిలబడి చూస్తది. నాలుగు మెట్లెక్కింది.

మద్దిలేటి ఏమో ఏటా మొదటి మెట్టుకే కూచుంటాడు. ఏటా తెల్ల అంగీ, ఏటా మోహన, ఏటా తాళంలో పోతది. ఇంక బిడ్డకు నీ తోడు పనిలేదు కదా, ఎందుకప్పా నీకీ బాధ అంటే, ఏడాదికి ఒక్కనాడన్నా ముగ్గురు పెద్దోళ్ళు నన్ను కూచోబెట్టుకోని, పాడు నాయనా అని వింటారు, పోగొట్టుకుంటానా అంటాడంట. కావాలనే తప్పుతాడు అని నేనంటాను. కాదు, ఆయప్పకు తాళం నిజంగానే రాదు అని మా ఇంటాయన అంటాడు. మా ఇంట్లో ఇది ఇంకా తేలలే.