విరిగిన రాడ్

ఆదివారం ఉదయం, తమ్ముడి ఇంటి వరండా. తమ్ముడు ఇంట్లో లేడు. వచ్చింది అన్న. జవాబు చెబుతున్నది తమ్ముడి భార్య.

“ఆ మేకుకి వేలాడేది ఏదమ్మాయ్?”

“ఏ మేకుకి?”

“తలుపు పక్కన మేకుకి. బ్రేక్ రాడ్ ముక్కలు రెండు, తీగతో కట్టి ఉండేవి.”

“ముందు కూర్చోండి బావగారూ. గుమ్మంలోనే నిలబడ్డారు. మంచినీళ్ళు తెస్తాను.”

“నీళ్ళొద్దు. వాడేడి?”

“పెట్టుడు కాలు మార్పించుకోడానికి వెళ్ళారు. పట్టీ తెగింది. మోకాలి కింద ఒరుసుకుని పుండు పడింది. ఏం చేస్తాం, ఆయనకి ఒరిజినల్ దొరకదు కదా. డూప్లికేట్‌తోనే సర్దుకోవాలి.”

“పొద్దున్నే ఎందుకమ్మా ఆ మాటలు.”

“పోనీ సాయంత్రం అంటాన్లెండి. మీ మొహం వెలిగిపోతోందే. బండికి స్పీడోమీటర్ దొరికిందా?”

“దొరికింది! నీకెలా తెలుసు?”

“ఆస్పత్రికి వచ్చినప్పుడు కూడా దాని గురించే చెప్పారు కదా.”

“ఆ వాచీలు బాగుచేసే ముసలాయన దగ్గరుండేది. అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. ఇవ్వనన్నాడు. నేను వారం వారం వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. చివరికి వాళ్ళావిడే, ఆ మనిషికి అదేదో ఇచ్చి పంపించెయ్యండి బాబూ, అంది.”

“పుణ్యాత్మురాలు.”

“ముల్లు కూడా అసలుదే. హెడ్‌లైటు రింగు, హారను, టూల్ బాక్సు మూత, కిక్ రాడ్డు రబ్బరు, అన్నీ అసలువే. వచ్చే నెల పాత బళ్ళ ప్రదర్శన. చూసేవాళ్ళు అద్దం పెట్టి ఒక్కో ముక్కా చూస్తారు. ఒక్కటి తేడా వచ్చినా పక్కన పెట్టేస్తారు.”

“ఒక్కటీ తేడా లేదన్నమాట.”

“ఒకటుంది. చిన్నది. అదలా ఉంచు, ఆ మేకుకి ఉన్నవి ఏవి?”

“కిక్ రాడ్డు రబ్బరు కోసం ఎన్నాళ్ళు తిరిగారు బావగారూ?”

“రెండేళ్ళు.”

“ఆస్పత్రికి రెండు సార్లొచ్చారు. రెండోసారి బండి తాళం కోసం.”

“బండి పోలీసుల దగ్గర ఎండకీ వానకీ పడుంటే ఎవరో ఒకరు వెళ్ళాలిగా! మా నాన్న బండి అది.”

“కాదన్నానా? మామయ్యగారు ఇద్దరికీ ఇచ్చారు. తమ్ముడు నడిపేవాడు, అన్న దాచేవాడు. ఆయన ఇంటింటికీ కరెంటు మీటర్లు చూసుకుంటూ వారమంతా తిరిగేవారు. ఆదివారం మీరు సర్వీసింగని వచ్చేవారు. ఒక ఒరిజినల్ విప్పి డూప్లికేట్ బిగించేవారు. విప్పింది మైనం కాగితంలో చుట్టి పట్టుకుపోయేవారు.”

“అరవై ఏళ్ళ ఇనుము అమ్మాయ్. గుంతల్లో తిప్పితే ఏం మిగులుతుంది? నేను తీశాను కాబట్టి మిగిలింది.”

“నేననేదీ అదే. మీ వాటా మిగిలింది.”

“సరే, నన్ను తిట్టు. తిట్టి, అవెక్కడున్నాయో చెప్పు. మంచం కింద పెట్టావా?”

“లేవు.”

“లేవంటే?”

“తీసేశాను. మూడేళ్ళు చూశాను, ఇంక నావల్ల కాలేదు. ఆయన అన్నం ముందు కూర్చుంటే ఎదురుగా అదే. కొట్టువాడు రెండు రకాల రాడ్లు చూపించాడట. అది కాస్త చవకని తీసుకున్నాను, నా కాలు నేనే నరుక్కున్నాను, అంటారు. ఈ మధ్య పిల్లకి చెప్పులు కొనబోతే కొట్లో అందరి ముందూ అరిచారు. అన్నిట్లోకీ ఖరీదైనవి కొనమని. అవి దానికి రెండు సైజులు పెద్దవి.”

“వాడికి చిన్నప్పటినుంచీ పట్టుదల ఎక్కువ.”

“నేను మాత్రం తక్కువదాన్నా? కాలు తీసేశామని డాక్టరు చెప్పగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? ఇంత కక్కుర్తేంటండీ, అన్నాను. ఆయనకి అప్పుడే మత్తు దిగుతోంది. విన్నారు. ఇప్పటివరకూ ఆ మాట ఎత్తలేదు. నేనూ వెనక్కి తీసుకోలేదు. ఏమని తీసుకోను? నిజమే కదా? మూడేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఆ ఇనుప ముక్కలే పడుకుంటున్నాయి.”

“కోపంలో అన్న మాటలకి...”

“మీరూ అన్నారు. ఆస్పత్రి వరండాలో, మా అన్నయ్యా అందరూ ఉండగా. చవక సరుకు, ఏం చేస్తాం, అన్నారు.”

“అన్నానా?”

“అన్నారు. అందుకే అందరూ నమ్మారు. బండి సంగతి మీకంటే ఎవరికి తెలుసు?”

“ఆ గోలలో ఏదో అని ఉంటాను. ఇప్పుడదంతా ఎందుకు? ముక్కలేం చేశావు?”

“పొద్దున తుక్కు బండి వచ్చింది. విరిగిన కిటికీ ఊచలున్నాయి కదా, వాటితో పాటు వేసేశాను. ఆయన వచ్చి చూసుకునేలోపు మేకు కూడా పీకేద్దామనుకుంటున్నాను. మీరొచ్చారు.”

“తుక్కులో వేశావా? ఎప్పుడు?”

“గంటయి ఉంటుంది.”

“ఏ కొట్టు? ఏ కొట్టు వాడు?”

“కూర్చోండి బావగారూ, అలా లేచిపోతారేంటి?”

“అమ్మాయ్, కొట్టెక్కడ?”

“ఎందుకు?”

“కొలతలకి. లేత్ మీద ఇంకొకటి చేయించాలి, ప్రదర్శనకి. కొలతలు కావాలి.”

“కొలతలకి మీ దగ్గర డబ్బా నిండా డూప్లికేట్లున్నాయిగా. ఆయన కొన్నవే సగం.”

“అవి పొడవు తేడా.”

“ఈ విరిగింది మాత్రం సరిగ్గా ఉందా?”

“ఉంది. అంటే, దగ్గరగా ఉంది.”

“అంత సరైనదైతే ఎందుకు విరిగింది?”

“నాకేం తెలుసు! విరిగింది, విరిగింది. తుక్కు వాళ్ళు మధ్యాహ్నానికి లారీకెత్తేస్తారు. తరవాత కరిగించేస్తారు. టైమెంతయింది?”

“పదకొండు. నాకొకటి చెప్పండి. యాక్సిడెంటుకి ముందు రోజు ఆదివారం. ఎవరో ఫోటోలు తీసేవాళ్ళు వస్తున్నారని ఒరిజినల్సన్నీ తెచ్చి బిగించారు కదా. బండిని పెళ్ళికూతుర్ని చేశారు. ఆయన గుడ్డ పట్టుకుని పక్కనే నిలబడ్డారు, తోటి పెళ్ళికూతురులా.”

“అయితే?”

“ఫోటోలవగానే నగలు ఒలిచేసుకున్నారు.”

“ఒలుచుకోక? వాడు తెల్లారి డ్యూటీకి దాన్నే వేసుకుపోవాలి. మళ్ళీ డూప్లికేట్లు బిగించేసి వెళ్ళాను.”

“వాన మొదలైంది. మీరు సగంలో సంచి సర్దేస్తుంటే, రేపు చేసుకోవచ్చులే అన్నయ్యా అన్నారాయన. నాకు గుర్తుంది.”

“సగంలో కాదు. అయిపోయాకే సర్దాను.”

“ఆ మర్నాడే పల్లంలోకి దిగుతూ లారీ వెనక బ్రేకు తొక్కారు. పెడల్ ఉత్తినే కిందికి పోయింది.”

“అమ్మాయ్, నీకు దణ్ణం పెడతాను, మళ్ళీ వచ్చి ఎంతసేపు కావాలంటే అంతసేపు వింటాను. కొట్టు పేరు చెప్పు. బజారు చివరదా, రైలు గేటు అవతలదా?”

“నన్నెప్పుడూ ఇంతగా బతిమాలలేదు మీరు. ఆపరేషన్‌కి నాతో పాటు సంతకం పెట్టడానికి ఎవరూ లేకపోతే నేను మీకు ఇలాగే ఫోన్ చేశాను. వాచీల ముసలాయన ఇంట్లో ఉన్నానన్నారు.”

“తప్పే. ఒప్పుకున్నాను. కొట్టు చెప్పు.”

“చెప్పను.”

“చెప్పవా?”

“చెప్పను. మీరు తెస్తే ఆయన మళ్ళీ మేకుకి కడతారు. పోనివ్వండి. చవక సరుకు, తుక్కులో కలిసింది. కరిగించి ఏ పెనమో చేస్తారు.”

“కరిగించడమేంటి? నీకేమన్నా మతి ఉందా? ఆ చివర కంపెనీ ముద్ర ఉంది! వెల్డింగ్ చేసినా పనికొస్తుంది, ముద్ర ఉంటే చాలు!”

“ముద్రా? డూప్లికేట్ మీద ముద్రేంటి బావగారూ?”

“ముందు కొట్టు పేరు చెప్పమ్మా.”

“బావగారూ, మిమ్మల్నే. దాని మీద ముద్రేంటి?”

“మేకుకి ఉంది కదా, ఎక్కడికీ పోదు కదా అని ఊరుకున్నాను ఇన్నాళ్ళూ. అడిగితే వాడు ఎందుకంటాడు. ఏమని చెప్పను?”

“ఏం చెప్పాలి ఆయనకి?”

“ఆ రోజు వానకి బ్రేక్ రాడ్ పిన్ను బిగుసుకుపోయింది. ఎంత కొట్టినా రాలేదు. ఇంకా కొడితే రాడ్ వంగుతుందని భయమేసింది. పొద్దున్నే వచ్చి తీద్దామనుకున్నాను. వాడికి చెప్పడం... చెప్పలేదు.”

“ఎవరికి? ఏం చెప్పలేదు?”

“వాడు కొన్నది చెక్కుచెదరకుండా మా ఇంట్లో డబ్బాలో ఉందే! విరిగింది మా నాన్న బండి ఒరిజినల్! ప్రపంచంలో ఇంకోటి లేదు, ముందు ఆ కొట్టెక్కడో చెప్పు!”